విరాటుడి ఊరిలో మావాళ్ళు

మా అవ్వ చెప్పే వంశ చరిత్ర రెండే మాటలు. "ధాత కరువుకి వచ్చినాము. గనిలో చేరినాము." అంతకంటే ఎక్కువ అడిగితే, "తిన్నావా లేదా?" అని మాట మార్చేస్తుంది.

మా ఉద్యోగం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఎవరైనా "ఇది జరిగింది, తర్వాత అది జరిగింది" అంటే, మధ్యలో ఏం జరిగింది అని అడగడం మాకు అలవాటైపోయింది. అవ్వ చెప్పిన రెండు మాటలనూ అట్లనే పక్కపక్కన పెట్టి చూసినాము. తేదీలు కలవలేదు. ఈసారి మా కుటుంబం పేజీలో రాసేది ఆ కలవని తేదీల గురించే. చదివింది కన్నడ మాధ్యమం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకొన్నవి. మాటల్లో తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి.

మొదట కరువు సంగతి. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. ఆ ఏడు వానలు తప్పినాయి. తర్వాత వచ్చిన ఈశ్వర సంవత్సరంలోనూ కష్టం తీరలేదు. అటు మద్రాసు ప్రెసిడెన్సీ, ఇటు మైసూరు సంస్థానం రెండూ ఎండిపోయినాయి. మైసూరు సంస్థానంలో 1871 జనాభా లెక్కల్లో 50 లక్షల 55 వేల మంది ఉంటే, 1881 లెక్కకు 41 లక్షల 86 వేల మందే మిగిలినారు. పదేళ్ళలో పెరగాల్సిన జనం ఎనిమిదిన్నర లక్షలు తగ్గినారు. కోలారు జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి.

మావాళ్ళు పుంగనూరు పక్క నుంచి వచ్చినారు. ఇప్పుడది చిత్తూరు జిల్లా. అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు, అది 1911లో ఏర్పడింది. అంతకుముందు ఆ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. పాత పుస్తకాల్లో "ఉత్తర ఆర్కాటు కూలీలు" అని రాసి ఉంటే అందరూ అరవవాళ్ళే అనుకొంటాము. అందులో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. పుంగనూరు నుంచి ముళబాగిలు వైపు నడిచి వస్తే భాష పెద్దగా మారదు. ఇక్కడి పల్లెల్లో కూడా ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ. మారేది ప్రభుత్వం. అటు మద్రాసు కలెక్టరు, ఇటు మైసూరు కమిషనరు.

ఇప్పుడు గని సంగతి. లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొని, కోలారు పక్కన తవ్వడానికి అనుమతి తెచ్చుకొన్నాడు. ఆయన చేతిలో డబ్బు చాలలేదు. 1880 తర్వాత జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. ఆ దశకం నడిమికి వచ్చేదాకా బంగారం గట్టిగా పడలేదు. వేలమందికి కూలి దొరికింది ఆ తర్వాతనే. అంటే మావాళ్ళు కరువుకు వచ్చిన ఏడాదికీ, గనిలో చేరగలిగిన ఏడాదికీ నడుమ ఎనిమిది తొమ్మిదేళ్ళ ఖాళీ ఉంది. అన్నేళ్ళు ఎక్కడున్నారు? ఎవరు ఉండనిచ్చినారు?

అవ్వను మళ్ళీ అడిగినాము. ఈసారి భోజనం ముగించుకొనే కూర్చున్నాము కాబట్టి మాట మార్చడానికి వీలు లేకపోయింది. "ఆ... భారతం ఊర్లో ఉండినారంట. మన్ను తవ్వినారంట" అనింది.

భారతం ఊరు అంటే ముళబాగిలు దారిలోని ఒక పల్లె. అక్కడ ధర్మరాజుల గుడి ఉంది. చిత్తూరు, కోలారు సరిహద్దు పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళకు భారతం అంటే పుస్తకం కాదు, ఎండాకాలం జాతర. తెలియనివాళ్ళ కోసం చెప్తాము. ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు జరుగుతుంది. పగలు ఒక భాగవతారు హరికథగా భారతం చెప్తారు. పగలు చెప్పిన కథనే రాత్రి వీధినాటకంగా ఆడతారు. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, జూదం, అర్జునుడి తపస్సు, విరాటపర్వం, రాయబారం, పద్మవ్యూహం, కర్ణుడి చావు. అర్జునుడి తపస్సు రోజు నిలువెత్తు తపస్సు మాను నాటి, వేషగాడు దాని కొనదాకా ఎక్కి పై నుంచి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టుకొని నిలబడతారు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పుల గుండం.

దుర్యోధనుడిని మన్నుతో చేస్తారు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన బొమ్మ, ముప్పై నలభై అడుగుల పొడుగు. దాని చుట్టూ భీముడి వేషం, దుర్యోధనుడి వేషం పరుగులు తీస్తాయి. ఆఖరికి భీముడు బొమ్మ తొడ మీద గదతో కొడతాడు. లోపల పెట్టిన కుండ పగిలి కుంకుమ నీళ్ళు చిమ్ముతాయి. ద్రౌపది ఆ ఎరుపు పూసుకొని, అన్నాళ్ళూ విరబోసుకొన్న జుట్టు ముడి వేసుకొంటుంది. మా పల్లెలో అందరూ ఆ బొమ్మ నుంచి పిడికెడు మన్ను తీసుకెళ్ళి పశువుల కొట్టంలో, ధాన్యం గాదెలో పెట్టుకొంటారు.

అంత పెద్ద బొమ్మకు ఎన్ని బండ్ల మన్ను కావాలో ఆలోచించండి. ఎండాకాలంలో చెరువు ఎండి ఉంటుంది. అడుగున ఒండ్రు తవ్వి, మోసి, తడిపి, తొక్కి, కుప్ప వేయాలి. ఊరు ఊరంతా ఎవరి పని వాళ్ళు పంచుకొంటేనే అవుతుంది. కుమ్మరి ముఖం తీర్చాలి, చాకలి కాగడా పట్టాలి, రైతులు ఆటగాళ్ళకు ఇంటింటికీ వంతు ప్రకారం అన్నం పెట్టాలి. కరువులో జనం పోయిన ఊరికి ఈ పనులకు చేతులు చాలవు. మేము ముందు చెప్పిన జనాభా లెక్క ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మావాళ్ళు పోయి చేరింది నిండుగా ఉన్న ఊరు కాదు. ప్రతి ఇంట్లో ఒకరిద్దరు పోయిన ఊరు. వచ్చినవాళ్ళకు కూడు లేదు, ఉన్నవాళ్ళకు చేతులు లేవు.

వానలు తిరిగి పడిన ఏడాది ఆగిపోయిన భారతాన్ని మళ్ళీ పెట్టినారంట. "కరువుకొచ్చినోళ్ళని" మన్ను తవ్వడానికి పిలిచినారంట. మా అవ్వ కాందిశీకులు, శరణార్థులు అన్న మాటలు ఎప్పుడూ వాడలేదు. ఆమెకు తెలిసిన మాట "కరువుకొచ్చినోళ్ళు". పిలిచినారు గానీ ఒక షరతు పెట్టినారు. మన్ను తవ్వచ్చు, గుడి మెట్టు ఎక్కకూడదు. ఏ ఊరో, ఏ కులమో తెలియదు కదా.

మా ముత్తాత వాళ్ళ నాయన వడ్రంగి. వీధినాటకంలో కిరీటం, భుజకీర్తులు, గుండె పతకం అన్నీ తేలిక చెక్కతో చేసి, తగరం, అద్దం బిళ్ళలు, రంగు కాగితాలు అంటించినవి. కరువు రోజుల్లో ఆ సామాను పెట్టెలోనే చెదలు పట్టిపోయింది. మన్ను తొక్కుతున్న మనిషికి ఉలి పట్టడం వచ్చునని తెలిసి పెట్టె ఆయన ముందు దించినారు. ధర్మరాజు కిరీటం చేసిన మనిషిని గుడి బయట నిలబెట్టడం ఎవరికీ బాగా అనిపించలేదేమో. ఎన్నో భారతానికో ఆయన మెట్టెక్కినాడు. ఎన్నోది అనేది అవ్వకు కూడా తెలియదు.

ఆ ఎక్కిన రాత్రి ఏ ఆట అనేది మాత్రం ఇంట్లో అందరూ ఒకటే చెప్తారు. విరాటపర్వం.

ఇది మేము ఊరికే దాటి పోలేకపోయినాము. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని తెలుగువాళ్ళకు పాత నమ్మకం. చెరువులు ఎండితే ఊరిలో పెద్దలు పురాణం చెప్పేవారిని పిలిచి ఆ పర్వమే చదివించేవారు. తిక్కన భారతం అందుకొన్నది కూడా ఆ పర్వంతోనే. వానకూ ఆ పర్వానికీ ఏం సంబంధం అని అడిగితే, ఉత్తర గోగ్రహణం ఉంది, ఆవులు తిరిగి వచ్చినాయి, అందుకే శుభం అంటారు. సరే. కానీ కథ ఏమిటో ఒకసారి చూడండి. ఇల్లు, రాజ్యం పోయిన ఒక కుటుంబం పరాయి రాజు ఊరికి వస్తుంది. తామెవరో చెప్పుకోలేరు. భీముడు వంటవాడు, అర్జునుడు ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు, నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు పశువుల దగ్గర, ద్రౌపది రాణిగారికి తల దువ్వే సైరంధ్రి. దిక్కులేనిదని ఆమె మీద చెయ్యి వేయడానికి రాణి తమ్ముడే తయారైనాడు. రాజు అడ్డం రాలేదు. అయినా ఏడాది చివర్లో ఆ ఊరి ఆవులను శత్రువులు తోలుకొని పోతే తెచ్చి నిలిపింది ఈ పనివాళ్ళే.

వానలు లేక వలస పోయే దేశంలో, వానల కోసం చదివే కథ వలస వచ్చినవాళ్ళ కథ. ఎవరు ఎప్పుడు అట్ల కుదిర్చినారో మాకు తెలియదు. ఆ రాత్రి మా పెద్దాయన ఆవులను తోలుకొచ్చే వంతు తీసుకొన్నాడంట. మా పల్లెలో గోగ్రహణానికి నిజం ఆవులనే తెస్తారు. ఊరివాళ్ళ ఆవులు, పరాయివాడి చేతి కర్ర. నమ్మకం అంటే అదే కదా.

అయితే కథను ఇక్కడ తీపి చేసి ఆపేస్తే అబద్ధమవుతుంది. మావాళ్ళు మెట్టెక్కినారు. పద్దెనిమిది రాత్రులూ తప్పెట కొట్టిన మాలమాదిగలు ఎక్కలేదు. వాళ్ళు ఎక్కడి నుంచీ వచ్చినవాళ్ళు కాదు. ఆ ఊరిలోనే పుట్టినవాళ్ళు, మాకంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు. ఆట అందరినీ కలిపిందని మేము రాస్తే, వాళ్ళ పిల్లలు చదివి నవ్వుతారు. ఆట ఎవరిని కలిపిందో, ఎవరిని తెర బయటే ఉంచిందో రెండూ రాసుకోవాలి.

1880ల చివర్లో మా ముత్తాత వాళ్ళ నాయన గనికి పోయినాడు. గనికి బంగారం కంటే ముందు కొయ్య కావాలి. సొరంగం పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని వడ్రంగులకు దొరికింది. 1894లో బౌరింగ్‌పేట నుంచి గనులకు రైలు పడింది. ఆ బౌరింగ్‌పేటనే ఇప్పటి బంగారుపేట. 1901 లెక్కకు గనుల జనాభా 38 వేలు దాటింది. అందులో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం పక్కల నుంచి వచ్చిన అరవ, తెలుగు కూలీలు, వాళ్ళలోనూ ఎక్కువమంది పల్లెల్లో మెట్టు ఎక్కనివ్వని కులాలవాళ్ళే. వెదురు తడికెల గోడలున్న ఒంటి గది ఇళ్ళ వరసలను లైన్లు అనేవారు.

లైన్లలో ఒక తేడా ఉంది. అక్కడ ఊరివాళ్ళు అంటూ ఎవరూ లేరు, అందరూ వచ్చినవాళ్ళే. కాబట్టి తమ ఆటను తామే పెట్టుకొన్నారు. అరవవాళ్ళ తెరుక్కూత్తు, మన వీధినాటకం అక్కచెల్లెళ్ళ వంటివి. అదే భారతం, అదే చెక్క కిరీటం, ఇద్దరు మనుషులు పట్టుకొన్న అదే తెర, తెర వెనక నుంచి కాలిగజ్జెల చప్పుడు. మా తాత చిన్నప్పుడు చూసిన ఒక ఆటలో దుర్యోధనుడు అరవంలో గర్జిస్తే ద్రౌపది తెలుగులో బదులు చెప్పిందంట. ఎవరికీ అర్థం కాకపోవడం అనే మాటే లేదు. కథ తెలుసు కదా. గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చినా, లైన్లలో ఆటలు కాగడాల వెలుతురులోనే జరిగేవని తాత చెప్పేవారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు మన్నుముఖాలతో వచ్చి కూర్చొంటే, వేషగాడెవరో చూసేవాడెవరో తెలిసేది కాదంట.

మా ముత్తాత గనిలో కొయ్య పని చేస్తూనే ఆటలకు కిరీటాలు చేసి ఇచ్చినాడు. ఆయన చేసిన వాటిలో ఒక కిరీటం, ఒక జత భుజకీర్తులు, పగిలిన ఒక గద మా ఇంట్లో పెట్టెలో ఉన్నాయి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసినారు. ఆ తర్వాత సంగతి మీలో చాలామందికి తెలిసిందే. తెల్లవారుజామున మారికుప్పం నుంచి బయలుదేరే రైలు నిండా బెంగళూరులో కూలికి, కొలువుకు పోయేవాళ్ళే. మేమూ అందులోనే పోయినాము. ఇప్పుడు అదే కోలారు జిల్లాలో నరసాపురం, వేమగల్ పక్క ఫ్యాక్టరీలు లేచినాయి. వాటిలో పనికి ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుంచి పిల్లలు వస్తున్నారు. పల్లెల్లో రేకుల గదులు కట్టి బాడుగకు ఇస్తున్నారు. భారతం ఊరిలో కూడా ఇచ్చినారు.

పోయిన ఎండాకాలం భారతం పెట్టినప్పుడు అసలు చిక్కు వచ్చింది. మన్ను తవ్వడానికి మనుషులు లేరు. ఊరి కుర్రవాళ్ళు బెంగళూరులో ఉన్నారు, ఆదివారం వచ్చి ఫోటో తీసుకొని పోతారు. ట్రాక్టరుతో మన్ను తెచ్చినా తడిపి తొక్కేది కాళ్ళే కదా. బాడుగ గదుల్లోని ఒడిశా పిల్లలు నలుగురైదుగురు తామే వచ్చి అడిగినారు. కమిటీలో ఒకాయన గట్టిగా వద్దన్నాడు. "బయటోళ్ళని ఎట్ల నమ్మేది? గుడి సామాను ఉండాది, ఆడోళ్ళు ఉంటారు." ఆ ఒకాయన ఎవరో కాదు, మా పెదనాన్నే.

మేము ఆయన పక్కన కూర్చొని తేదీల సంగతి చెప్పినాము. మనం కూడా ఎనిమిది తొమ్మిదేళ్ళు ఈ ఊరిలో బయటోళ్ళమే పెదనాన్నా, మనల్ని కూడా ముందు మన్నుకే పిలిచినారు అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "సరే, మన్ను తొక్కనీ. గుడి మెట్టు మాత్రం ఎక్కొద్దని చెప్పు" అన్నారు.

నూటనలభై ఏళ్ళ తర్వాత, అవే మాటలు. ఈసారి మా ఇంటి నోటి నుంచే.

పిల్లలు మన్ను తొక్కినారు. అందులో ఒకడిది బర్గఢ్. దుర్యోధనుడి పొట్ట మీద నిలబడి నవ్వుతూ, వచ్చీరాని కన్నడలో వాళ్ళ ఊరి సంగతి చెప్పినాడు. బర్గఢ్‌లో ధనుయాత్ర జరుగుతుంది. పదకొండు రోజులు పట్నమంతా మథుర అవుతుంది, పక్కనున్న అంబాపాలి గోపపురం, జీరా నది యమున. కంసుడు ఏనుగెక్కి వీధుల్లో తిరిగి, దారిన పోయే అధికారులకు కూడా జుర్మానా వేస్తాడు. "మీకు దుర్యోధనుడు పడుకొని ఉన్నాడు, మా కంసుడు తిరుగుతూ ఉంటాడు" అన్నాడు. పక్కనున్న ముసలి కుమ్మరాయన అది విని పకపకా నవ్వి, "అయితే నీకు పని తెలుసురా" అని ముఖం తీర్చడానికి వాడిని పిలిచి నీళ్ళ బక్కెట్టు చేతికిచ్చినాడు. మేము చూస్తుండగానే వాడు కూలి కాస్తా పనివాడైపోయినాడు.

ఆ రోజుల్లోనే మా చెల్లెలు ఫోనులో ఒక వీడియో చూపించింది. లిటిల్ అమల్ అని పన్నెండు అడుగుల బొమ్మ. యుద్ధం నుంచి తప్పించుకొని తల్లిని వెతుక్కొంటూ పోయే తొమ్మిదేళ్ళ సిరియా పిల్లగా దాన్ని చేసినారు. 2021 జూలైలో తుర్కియేలోని గాజియాంటెప్ నుంచి నడిపించుకొంటూ, ఎనిమిది వేల కిలోమీటర్లు దాటించి, నవంబరులో ఇంగ్లండులోని మాంచెస్టరు చేర్చినారు. ఊరూరా జనం ఎదురు వచ్చి పాటలు పాడినారు, పిల్లలు చెయ్యి పట్టుకొన్నారు. గ్రీసులో లారిసా అనే పట్నంలో కొందరు ఆ బొమ్మ మీద రాళ్ళు కూడా విసిరినారు. బొమ్మ ఎంత పెద్దదైనా ఒక్కటే అన్నీ చేసేయలేదు. మా ఊరిలోనూ అంతే. కలిపింది దుర్యోధనుడు కాదు, ఆ మన్ను పని. చూడటానికి పిలిస్తే వచ్చి చూసి పోతారు. చెయ్యి వేయమంటే, రేపు మెట్టు సంగతి కూడా అడుగుతారు. అందుకే పెద్దలకు భయం. ఆ భయం అర్థం లేనిదని మేము అనము. అది మావాళ్ళను చూసినప్పుడు కూడా ఎవరికో ఉండింది అనే మేము చెప్పేది.

దుర్యోధనుడు పడిన పొద్దున ఆ పిల్లలు కూడా పిడికెడు మన్ను అడిగినారు. పశువుల కొట్టం లేదు, గాదె లేదు కదా, ఏం చేసుకొంటారు అని అడిగితే, గదిలో బియ్యం డబ్బాలో పెట్టుకొంటామన్నారు. మా అవ్వ అది విని, "ఇయ్యండి, ఇయ్యండి, వాళ్ళు తొక్కిన మన్నే కదా" అనింది.

ఇంట్లో ఇప్పుడొక మాట నడుస్తోంది. పెట్టెలోని కిరీటాన్ని అద్దాల బీరువాలో పెట్టాలని కొందరు. మళ్ళీ అతుకులు వేయించి ఈ ఏటి భారతానికి ఇవ్వాలని మేము. ఇస్తే ఒక షరతు పెడతాము. దాన్ని ధర్మరాజు తలకు పెట్టే విరాటపర్వం రాత్రి, మన్ను తొక్కినవాళ్ళు ఎవరైనా సరే, తప్పెట కొట్టేవాళ్ళు కూడా, మెట్టెక్కి చూడాలి. పెదనాన్న ఇంకా ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు.

హోసూరు, మద్రాసు, నాగపూరు, ఖరగ్‌పూరు, ఎక్కడ స్థిరపడినా, ఇది చదివే మీ ఇంట్లో కూడా రెండు మాటల చరిత్ర ఒకటి ఉంటుంది. "అప్పుడు వచ్చినాము, ఇక్కడ చేరినాము" అని. ఆ రెంటి నడుమ ఖాళీలో మీవాళ్ళకు ఎవరు చోటిచ్చినారో, ఏ షరతు మీద ఇచ్చినారో పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. మా అవ్వకు తొంభై దాటినాయి. అడగడం ఆలస్యం చేసి ఉంటే, మన్ను మాట మాకు దొరికేది కాదు.